మూడుసార్ల తీర్థం

కదలకుండా కూర్చున్న పిల్లవాడిని చూసి బాగుపడ్డాడని తను ఎలా అనుకున్నాడు?

త్యాగరాజు నిన్నటి నుంచి ఈ ఒక్క ప్రశ్ననే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటున్నాడు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు బయట, గోడవారగా పరిచిన గోనెపట్టా మీద కూర్చున్నాడాయన. తెరిచిన తలుపులోంచి మనవడి మంచం కనిపిస్తోంది. ఉపేంద్రకి ఆరేళ్లు. ఎడమ చేతికి సెలైను ఎక్కుతోంది. చెయ్యి విదిలించకుండా మోచేతి కింద అట్టముక్క పెట్టి కట్టారు. ఆ కట్టు అనవసరం. వాడసలు కదలడమే లేదు.

ఏడాది కిందట ఇదే పిల్లవాడికి జ్వరమొస్తే సూది వెయ్యడానికి నలుగురు పట్టుకోవలసి వచ్చింది. నర్సు చెయ్యి కొరికాడు. త్యాగరాజు సిగ్గుపడి ఆమెకు పదిసార్లు దండం పెట్టాడు. ఆ కొరికిన పిల్లవాడు ఇప్పుడు తిరిగొస్తే చాలుననిపిస్తోంది ఆయనకి.

మెట్ల వైపు నుంచి కొడుకు మురళీమోహన్ వచ్చాడు. చెవి దగ్గర ఫోను ఇంకా దించలేదు.

"కారొచ్చింది నాన్నా, లే. పదకొండుకి మీటింగు. సారు ఇప్పటికే రెండుమాట్లు ఫోను సేసినారు."

"గుంటడు ఒక్కపాలి కళ్లిప్పితే సూసి ఎల్దుమురా."

"ఇప్పితే ఏటి సేస్తావు? మల్లీ తీర్థం పోస్తావా?"

త్యాగరాజు మళ్లీ మంచం వైపు తిరిగాడు. కొడుకు నోటి దురుసు ఆయనకి కొత్త కాదు. గుచ్చుకున్నది ఆ దురుసు కాదు, ఆ మాటలో అబద్ధం లేకపోవడం.

మంచం పక్కన నిలబడ్డ కోడలు ఈశ్వరి గుమ్మం దాకా వచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

"మావయ్యా, మీరు సెప్పీది ఏటో సెప్పండి. నాను వద్దనను. గానీ ఆ మీటింగుకి పొందూరు రేఖ కూతురొస్తాది. దాన్ని ఒక్కపాలి సూసి రండి."

"దాన్నేటి సూసీది?" అన్నాడు మురళీమోహన్. "నీ పని నువ్వు సూసుకో. ఆ బాటిలు తీసి డాక్టరమ్మ సేతిలో ఎట్టిన కాడినుంచీ కొంప మునిగింది. నీ నోరు నీ కాడ ఉంటే ఈ గోలే నేదు."

"నా నోరు నా కాడే ఉందయ్యా. గుంటడికే నేదు నోరు."

అతను చెయ్యెత్తబోయి, నర్సు చూస్తోందని దించుకున్నాడు.

* * *

త్యాగరాజుది శ్రీకూర్మం పక్క పల్లె. ఊరి గుడిలో సన్నాయి వాయించడం ఆ ఇంటి వృత్తి. తెల్లవారకముందు మేలుకొలుపు, రాత్రి పవళింపు. గుడి ఇచ్చే నెల జీతం బియ్యానికీ నూనెకీ సరిపోయేది. మిగతా ఖర్చులకు పెళ్లిళ్ల వాయింపు మీద ఆధారపడేవాళ్లు. ఇప్పుడు పెళ్లిళ్లలో సన్నాయి తాళి కట్టే అయిదు నిమిషాలకే కావాలి. ఆ తర్వాత పెద్ద బాక్సులు మోగుతాయి. డోలు వాయించవలసిన మురళీమోహన్ డోలుని అటక ఎక్కించి, రాజాంలో సెల్‌ఫోన్ల కొట్లో పనికి కుదిరాడు. ఈశ్వరి రొయ్యల కంపెనీలో రొయ్యలు వలుస్తుంది. మంచుగడ్డల మధ్య పని చేసి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ఉంటాయి.

ఉపేంద్రకి మాట రాలేదు. విశాఖలో చూపిస్తే ఆటిజం అన్నారు. ఇది రోగం కాదనీ, మందుతో పోయేది కాదనీ, మాట నేర్పేవారి దగ్గరికీ పని నేర్పేవారి దగ్గరికీ వారానికి రెండుసార్లు తీసుకురావాలనీ, ఓపిక పట్టాలనీ చెప్పారు. వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లాలంటే ఈశ్వరికి రెండు రోజుల కూలి పోతుంది. కొన్నాళ్లు వెళ్లారు. ఆ తర్వాత మానేశారు.

మాట లేకపోయినా వాడికొక పద్ధతి ఉండేది. కావలసిందేదో తన వేలితో చూపించేవాడు కాదు. పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దాని మీద పెట్టేవాడు. చెంబు మీద పెడితే దాహం. గొళ్లెం మీద పెడితే వీధిలోకి తీసుకెళ్లమని. వాడు మాట్లాడేది ఎదుటివాళ్ల చేతులతోనే.

ఇంకొక విషయం కూడా ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చెంచాతో ఏది పెట్టినా ఉమ్మేసే పిల్లవాడు తీర్థం మాత్రం తాగేవాడు. పొద్దున్న మేలుకొలుపు ముగించుకుని త్యాగరాజు చిన్న రాగి చెంబుతో గుడి నుంచి తీర్థం తెచ్చేవాడు. దాన్ని పోసే రాగి గరిటె, ఉద్ధరిణి, తన తండ్రి నాటిది. వాడు నోరు తెరిచేవాడు. తాత మూడుసార్లు పోసేవాడు. అకాలమృత్యువుని హరించమని చెప్పే ఆ మంత్రాన్ని సన్నాయి మనిషి గొంతులో రాగంగా పలికేవాడు. మూడోసారి అయ్యాక, పిల్లవాడు తాత తడిచెయ్యి పట్టుకుని తన తల మీద రాసుకునేవాడు. తీర్థం ఒకసారి పోసి ఆపడం ఆ ఇంటి ఆచారం కాదు. ఏ హడావుడిలోనో రెండుసార్లతో ఆపితే పిల్లవాడూ ఊరుకునేవాడు కాదు. తల గోడకేసి కొట్టుకునేవాడు. దేవుడి లెక్కా, వాడి లెక్కా ఒకటే అయినందుకు త్యాగరాజు లోలోపల మురిసిపోయేవాడు.

పృథ్వీరాజ్ సంగతి మురళీమోహన్‌కి కొట్లోనే తెలిసింది. రాజాం మెయిన్ రోడ్డులో మేడ మీద పిల్లల కోసం కేంద్రం నడుపుతున్నాడతను. డాక్టరు కాదు. అయినా తెల్లకోటు వేసుకుంటాడు. ఉపేంద్ర వెంట్రుకలు నాలుగు కత్తిరించి ఎక్కడికో పంపి, పది రోజులకి రంగురంగుల కాగితం తెప్పించాడు. పిల్లవాడి ఒంట్లో ఏవేవి తక్కువయ్యాయో అందులో ఉన్నాయన్నాడు. చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద కేంద్రం పేరున్న కాగితం అంటించి ఉంది.

"రోజుకో చిన్న చెంచా. ఇది మందు కాదండీ, మందైతే కదా భయపడాలి. విటమిన్ అంటే తిండి. తిండి ఎక్కువైతే ఎవరైనా చచ్చిపోతారా?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట ఎంతో సబబుగా తోచింది త్యాగరాజుకి. మందంటే ఆయనకి భయమే. తిండిని చూసి భయపడే ఇంట్లో ఆయన పుట్టలేదు.

ఉపేంద్ర ప్లాస్టిక్ చెంచాని కొరికి ముక్కలు చేశాడు. నూనెలాంటి ఆ మందు గోడ మీదికి ఊశాడు. రెండు వేల రూపాయల సీసా గోడపాలవుతోందని మురళీమోహన్ పిల్లవాణ్ని కొట్టాడు. అప్పుడు త్యాగరాజుకే ఆ ఆలోచన వచ్చింది. ఉద్ధరిణిలో మందు పోసి, పైన తీర్థం చిలకరించి నోటికందించాడు. పిల్లవాడు తాగాడు. మళ్లీ నోరు తెరిచాడు. మళ్లీ పోశాడు. మూడోసారీ పోశాడు.

ఒకటి మందూ, రెండు వట్టి తీర్థమూ పోయవచ్చునన్న ఊహ ఆయనకి రాకపోలేదు. కాని ఒకసారికీ ఇంకోసారికీ రుచి మారితే వాడు తీర్థం కూడా మానేస్తాడేమోనని భయం. అదీగాక, తిండి ఎక్కువైతే తప్పేముందన్న మాట చెవిలో ఉంది. ఆ సాయంత్రం మురళీమోహన్ ఫోను స్పీకరులో పెట్టి పృథ్వీరాజ్‌తో మాట్లాడినప్పుడు ఆ సంగతీ చెప్పాడు.

"మా నాన్న తీర్థంలో కలిపి మూడేసి పోస్తన్నాడు సార్. పరవానేదా?"

అవతల నవ్వు వినిపించింది. "మంచిదే కదా. మీకు అందరికంటే ముందు ఫలితం కనిపిస్తుంది."

ఫలితం కనిపించింది. పరుగులు తగ్గాయి. అరుపులు తగ్గాయి. తలుపు గొళ్లెం దగ్గరికి వెళ్లడం మానేశాడు. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు, కూర్చున్నచోటే ఉండేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ సన్నాయి వినిపిస్తే చెవులు మూసుకుని పారిపోయిన పిల్లవాడు, ఒక మధ్యాహ్నం తాత సాధకం చేసుకుంటుంటే ఎదురుగా అలాగే కూర్చుండిపోయాడు. త్యాగరాజుకి కళ్లు చెమర్చాయి. నీలాంబరి వాయించాడు. ముగించి సన్నాయి కింద పెట్టగానే పిల్లవాడు ఆయన చెయ్యి అందుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు.

తాళం వెయ్యమంటున్నాడనుకున్నాడు తాత. అరచేతితో మెల్లగా ఆదితాళం వేశాడు.

ఆ రోజు నుంచీ వాడు ప్రతిరోజూ ఆయన చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. ప్రతిరోజూ ఆయన తాళం వేశాడు.

పిల్లవాడు చెంబులకి చెంబులు నీళ్లు తాగుతున్నాడనీ, పక్క తడుపుతున్నాడనీ, వారమైనా దొడ్డికి వెళ్లడం లేదనీ, అన్నం చూస్తే వాంతి చేసుకుంటున్నాడనీ ఈశ్వరి చెప్పింది. ఒంట్లో చేరిన విషాలన్నీ బయటికి పోతున్నాయని పృథ్వీరాజ్ చెప్పినట్టు మురళీమోహన్ చెప్పాడు. కొన్నాళ్లు ఆపి చూద్దామని ఆమె అంటే చెంప మీద కొట్టాడు. అప్పటికే, స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఉపేంద్రని అతను ఫోనులో తీసిన వీడియో రెండు జిల్లాల్లో తిరుగుతోంది. దాన్ని చూసి వచ్చే తల్లిదండ్రులకి దారి చూపించే పని మురళీమోహన్‌ది. మొదట సీసాలు ఊరికే ఇచ్చారు. తర్వాత వాటా ఇచ్చారు. ఆ తర్వాత అతను సెల్‌ఫోన్ల కొట్టు మానేసి కేంద్రంలోనే చేరాడు.

ఈ వారం మొదట్లో ఉపేంద్రకి ఫిట్స్ వచ్చాయి.

* * *

"ఇంట్లో ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ అనూరాధ మొదటి రోజే అడిగింది.

"ఏటీ నేదు మేడమ్" అన్నాడు మురళీమోహన్. ఇంగ్లీషు డాక్టర్లకి చెప్పవద్దని కేంద్రంలో అందరికీ నేర్పే పాఠమే అది.

మర్నాడు రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చింది. "ఈ పిల్లాడి రక్తంలో ఇంత కాల్షియం ఎక్కడినుంచి వచ్చింది? కిడ్నీల్లో సున్నం పేరుకుపోయినట్టుంది. అబద్ధం చెబితే నేను వాణ్ని బతికించలేను."

ఈశ్వరి బట్టల సంచీ అడుగు నుంచి సీసా తీసి మంచం మీద పెట్టింది.

డాక్టరు గోటితో కేంద్రం కాగితాన్ని గీకింది. అది ఊడి వచ్చింది. కింద అసలు కంపెనీ కాగితం ఉంది. దాన్ని చదివి, ఒకసారి పిల్లవాడి వైపు చూసి చెప్పింది. విటమిన్ డి తక్కువైన పెద్దవాళ్లకి, తక్కువైందని పరీక్షలో తేలాక, వారానికోసారి, అదీ కొన్ని వారాలు మాత్రమే ఇచ్చేది అది. ఇలాంటి పిల్లలు ఏది పడితే అది తినరు గనక విటమిన్లు అవసరం పడవచ్చు. పడితే తామే ఇస్తారు, పరీక్ష చేసి, కొలిచి. అన్ని విటమిన్లూ ఒకటి కాదు. కొన్ని ఎక్కువైతే మూత్రంలో పోతాయి. ఇది పోదు. కొవ్వులో దాక్కుంటుంది. ఇప్పుడు ఆపేసినా వారాల తరబడి రక్తంలోకి దిగుతూనే ఉంటుంది.

"నాను మూడేసి పోసినానమ్మా" అన్నాడు త్యాగరాజు. "తీర్థంలో. ఒక్కటే పోసుంటే?"

డాక్టరు కేసు కాగితం, కలం చేతిలోకి తీసుకుంది. ముసలాయన మొహం చూసి అబద్ధమాడుతుందేమోననిపించింది. ఆడలేదు.

"రోజూ ఒకటి పోసినా ఇక్కడికే వచ్చేవారు. కొంచెం ఆలస్యంగా. కడుపునొప్పితో విలవిల్లాడి ఉంటాడే. మీలో ఎవరికీ తెలియలేదా?"

"ఏడవనేదమ్మా. నా సెయ్యట్టుకుని కడుపు మీద ఎట్టుకునీవోడు. అంతే."

రాస్తున్న కలం ఆగింది. డాక్టరు తలెత్తి ఆయన వైపు చూసింది. త్యాగరాజు తన కుడిచేతిని చూసుకుని, దాన్ని నెమ్మదిగా కండువా కింద దాచుకున్నాడు.

వెళ్లబోతూ ఆమె మురళీమోహన్‌తో అంది. "ఇది ఇంకా ఎంతమంది పిల్లలు తాగుతున్నారో మీకు తెలిసే ఉంటుంది. వాళ్లని వెంటనే తీసుకురండి. నేను పైవాళ్లకి రాస్తాను, కాని వాళ్లు కదిలే లోపల చాలా చెంచాలు పోస్తారు."

ఆ సాయంత్రమే పృథ్వీరాజ్ వచ్చాడు. తెల్లకోటు లేదు. చేతిలో దానిమ్మపళ్లు. వార్డులోకి అడుగుపెట్టకుండా నడవలోనే త్యాగరాజు పక్కన, అదే గోనెపట్టా మీద కూర్చున్నాడు.

"మూడుసార్లు పోశారుట కదా తాతగారూ. నేను ఒక్క చెంచా అని చెప్పాను. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. పెద్దవారు, భక్తితో చేశారు. రేపు మా తల్లిదండ్రుల మీటింగులో ఆ ఒక్క మాటా మీ నోటితో చెప్పండి, చాలు. వాళ్లంతా భయపడి ఉన్నారు. బాబుని విశాఖలో మంచి ఆసుపత్రికి మారుద్దాం. ఖర్చు నాది. కిడ్నీలకి ఏమైనా అయినా నాదే."

త్యాగరాజు ఒప్పుకున్నాడు. డబ్బు కోసమని మురళీమోహన్ అనుకున్నాడు. ఆయనకి మాత్రం వేరే కారణం ఉంది. పోసిన చెయ్యి తనది. తప్పు ఒప్పుకోమని ఎవరైనా నలుగురి మధ్య నిలబెడితే కాదనే హక్కు తనకెక్కడిది? ఎంత పెద్ద శిక్ష వేసినా ఆ చేతికి చాలదనిపించింది.

* * *

కారు చిలకపాలెం దాటి రాజాం దారి పట్టింది. కోతలైన మళ్లలో గడ్డి కుప్పలు వెనక్కి పోతున్నాయి. మురళీమోహన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చెబుతున్నాడు.

"ఎక్కువ మాటాడకు. 'సారు ఒకటన్నారు, నాను మూడు పోసినాను, నాకు సదువు నేదు' అను. ఏడుపొస్తే ఏడువు, మంచిదే. సన్నాయి ముందర నీకు ఊరికే వస్తాది కదా ఏడుపు."

"ఒరే, సారు మంచిదన్నాడు కదరా ఫోన్లో. నువ్వు స్పీకరెట్టినావు. నానూ ఇన్నాను."

మురళీమోహన్ ముందుకి తిరిగి కూర్చున్నాడు. కొంచెం దూరం పోయాక అన్నాడు. "నాకు గురుతు నేదు నాన్నా."

"గురుతు నేదా?"

"నేదు. నీకూ నేదు. గుంటడు బతకాలంటే ఇద్దరికీ నేదు."

కేంద్రం మెట్ల దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద స్తంభానికి ఆనుకున్న ఉపేంద్ర. చేతులు ఒళ్లో, చూపు ఎటో. ఎంత కుదురైన పిల్లవాడో చూడమన్నట్టు చుట్టూ పువ్వుల అంచు వేశారు. త్యాగరాజు ఆ ఫొటోని ఇంతకు ముందు చూశాడు. ఊళ్లో నలుగురికి చూపించాడు కూడా. ఇప్పుడు చూస్తే పిల్లవాడి పెదవులు పగిలి ఉన్నాయి. కళ్ల కింద గుంటలు ఉన్నాయి. అవి అప్పుడూ ఉన్నాయి.

మేడ మీద హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులు, నిలబడ్డ తండ్రులు. ఇంతమంది పిల్లలున్నా హాలు గుడి గర్భాలయంలా ప్రశాంతంగా ఉంది. ఒకరిద్దరు కొత్తగా చేరినవాళ్లు మాత్రం కుర్చీల మధ్య పరుగెడుతున్నారు. వాళ్ల తల్లులు సిగ్గుతో వాళ్ల వెనక పడుతున్నారు.

"తాతా! ఉపేంద్రకి ఎలగుంది?"

రేఖ. పొందూరు వైపు రైతుల ఇంటి కోడలు. ఈశ్వరి కొడుకు వీడియో చూసే చేరింది. అయిదేళ్ల విశాలి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. త్యాగరాజు ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు.

"ఏటి సెప్తానమ్మా. అక్కడే ఉన్నాడు. మీ గుంట ఎలగుంది?"

"సుబ్బరంగా ఉంది తాతా. ఇదివరకు పాలేర్ల మీదికి ఉరికీసీది, మా అత్త దీన్ని మంచం కోడుకి కట్టీసీది. ఇప్పుడు సూడు, ఎక్కడ కూకోబెడితే అక్కడే." గొంతు తగ్గించింది. "మీరు మూడేసి పోసీసినారంట కదా? సారు సెప్పినారు. మా ఆయన అలగ కాదు. ఒక్కటే. అంచు దాటనివ్వడు. యూరియా ఏసినట్టు కొలిసి మరీ పోస్తాడు."

"ఒక్కటేనా?"

"ఒట్టు తాతా. ఒక్కటే."

"నీల్లు తాగతాదా?"

"వోలమ్మ! బిందె కాడినుంచి రాదు. రేతిరి పక్కంతా..." రేఖ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపేసింది.

అప్పుడు ఆ పిల్ల, ఎవరి వైపూ చూడకుండా, త్యాగరాజు కుడిచెయ్యి రెండు చేతులా పట్టుకుంది. కండువా కిందనుంచి బయటికి లాగింది. తీసుకెళ్లి తన పొట్ట మీద పెట్టుకుంది.

ఆయన అరచేతి కింద పొట్ట రాయిలా గట్టిగా ఉంది. వేళ్లు అలవాటు కొద్దీ తాళానికి లేచాయి. ఆయన వాటిని ఆపుకున్నాడు.

"ఎప్పుడూ ఇదే ఆట దీనికి" అంది రేఖ.

మైకు గరగరలాడింది. పృథ్వీరాజ్ తెల్లకోటుతో వేదిక ఎక్కాడు. ఎక్కడో ఏదో జరిగిందని ఫోన్లలో పుకార్లు తిరుగుతున్నాయనీ, దాచడానికి తన దగ్గర ఏమీ లేదనీ, అసలు మనిషినే పిలిపించాననీ చెప్పాడు. "అమృతమైనా కొలత ప్రకారం ఇవ్వాలి. నేను చెప్పిన కొలత తప్పకుండా వాడుతున్న మీ పిల్లలు మీ కళ్ల ముందే ఉన్నారు. తాతగారి మాట విన్నాక, ఎప్పటిలాగే అందరం కలిసి పిల్లలకి ఈ రోజు డోసు ఇద్దాం. సీసాలు తీసి సిద్ధంగా పెట్టుకోండి."

సంచుల జిప్పులు తెరుచుకున్నాయి. మూతల చప్పుడు హాలంతా పాకింది. మురళీమోహన్ ఫోనుతో వీడియో తీస్తూ ఎదురుగా నిలబడ్డాడు. ఎవరో మైకు తెచ్చి త్యాగరాజు చేతికిచ్చారు.

నిలబడ్డాక ఆయనకి ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. తన తప్పు నిజమే. దాన్ని ఇక్కడ ఎవరూ తనకి అంటగట్టనక్కర్లేదు. కాని ఆ తప్పు మొత్తం తనదేనని ఇప్పుడు నెత్తిన వేసుకుంటే అది పశ్చాత్తాపం కాదు, మళ్లీ పొయ్యడమే. ఈసారి ఇంతమంది నోళ్లలో.

"నాను మూడుమాట్లు పోసినాను" అన్నాడు.

పృథ్వీరాజ్ బాధగా తలాడించాడు.

"నా సేత్తోనే పోసినాను. ఒక్కమాటు పోసినా ఇదే గతని డాక్టరమ్మ సెప్పింది. నొప్పెట్టి గుంటడు నా సెయ్యి కడుపు మీద ఎట్టుకుంటే నాను తాళం ఏసినాను. ఈ గుంటా ఇప్పుడు అలగే ఎట్టింది. కుదురు కాదమ్మా ఇది. లెగలేకపోతన్నారు. మూడు పోస్తన్నానని ఫోన్లో ఇంటే మంచిదే అన్నాడు ఈ బాబు..."

మైకు ఆగిపోయింది. ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి గాని వెనక వరుసలకి మాట చేరలేదు.

"ముసలాయన, మనవడి దిగులు" అన్నాడు పృథ్వీరాజ్ గొంతు పెంచి. "మతి చలించింది. మురళీ, మీ నాన్నగారిని కిందికి తీసుకెళ్లు. మీరు కానివ్వండమ్మా, డోసు వేళ దాటిపోతోంది." ఆ తర్వాత దగ్గరికొచ్చి, ఆయనకి మాత్రమే వినబడేలా అడిగాడు. "విశాఖ ఆసుపత్రి మాటేమిటి తాతగారూ?"

త్యాగరాజు గుండె ఒక్క క్షణం మంచం మీది పిల్లవాడి దగ్గరికి వెళ్లి వచ్చింది. మైకు కుర్చీలో పెట్టాడు.

కొందరు సీసాల మూతలు మళ్లీ బిగిస్తున్నారు. ఎక్కువమంది బిగించడం లేదు. ఒక తండ్రి అప్పుడే పోసేశాడు. రేఖ చేతిలో చెంచా నిండి ఉంది. ఆమె పృథ్వీరాజ్ వైపూ ముసలాయన వైపూ మార్చి మార్చి చూస్తోంది. చెంచా మాత్రం, రోజూ వెళ్లే దారే గనక, పిల్ల నోటి వైపు వెళుతోంది. విశాలి నోరు తెరిచింది.

త్యాగరాజు వంగి, తెరిచిన ఆ నోటికీ చెంచాకీ మధ్య తన కుడిచెయ్యి పట్టాడు. వేళ్లు మడిచి దొప్పలా, తీర్థానికి పట్టినట్టు.

"నాకు పొయ్యమ్మా."

పెద్దమనిషి అలా చెయ్యి పట్టి నిలబడితే కాదనడం రేఖకి పుట్టింట్లోనూ నేర్పలేదు, అత్తింట్లోనూ నేర్పలేదు. చెంచా ఆ దొప్పలోకి ఒరిగింది.

"నాన్నా!" అని అరిచాడు మురళీమోహన్. ఫోను ఇంకా తీస్తూనే ఉంది.

అరవయ్యేళ్లుగా ఆ చేతిలో పడ్డది ఒక్క బొట్టయినా నేల మీద పడలేదు. పెదవులకి, ఆ తర్వాత తలకి. అదొక్కటే ఆ చేతికి తెలిసిన దారి. త్యాగరాజు ఆ చేతిని అందరూ చూస్తుండగా బోర్లించాడు. పసుప్పచ్చని నూనె తెల్లటి టైల్స్ మీద పడి నెమ్మదిగా పాకింది. తడిచెయ్యి తలకి రాసుకోలేదు.

కొడుకు భుజం పట్టుకుని లాగుతుంటే, ఆయన పక్క కుర్చీలో పిల్లవాణ్ని ఎత్తుకున్న తల్లి వైపు తిరిగి, అదే చెయ్యి మళ్లీ చాపాడు.